తూర్పుకి 8 గంటల తేడా: దిగగానే ఎండలో నడిచినా జెట్‌లాగ్ ఎందుకు వదలట్లేదు?

నిద్రలేనిపక్షి
తూర్పు దిక్కుగా 8 గంటల తేడా ఉన్న చోటికి వచ్చే నెల మళ్లీ ప్రయాణం. ఫ్లైట్ 13 గంటలు, దిగేది అక్కడి టైమ్ ప్రకారం పొద్దున 6:30కి. పోయినసారి అందరూ చెప్పేదే చేశా. దిగగానే ఎండలో గంట నడక, పగలంతా పడుకోకపోవడం, రాత్రి 10కి పక్క ఎక్కడం. ఐదో రోజు కూడా తెల్లవారుజాము 3 దాకా కళ్లు మూతపడలేదు. ఎక్కడ తేడా కొట్టినట్టు? ఈసారి ఉండేది 9 రోజులు. ఇంట్లో నా నిద్ర రాత్రి 11 నుంచి పొద్దున 7. మాత్రలు, సీటు, ఫ్లైట్‌లో ఎప్పుడు పడుకోవాలి, తెలిసింది ఏదైనా చెప్పండి. "నీళ్లు బాగా తాగు" అన్నది తప్ప.

నడవాసీటు
నీళ్లు బాగా తాగండి.

కాఫీగింజ
దీనికి ఇంత పంచాయితీ ఎందుకు బాసూ. మొదటి రోజు కాఫీ మీద లాగించెయ్, రాత్రికి దెబ్బకి పడిపోతావ్. రెండు రోజుల్లో అదే సర్దుకుంటుంది.

గడియారంముల్లు
రెండు మూడు గంటల తేడాకైతే కాఫీగింజ చెప్పింది చాలు. 8 గంటలకి అది పని చెయ్యదు. ఒళ్లు అలిసిపోవడం వేరు, ఒంట్లో గడియారం జరగడం వేరు.

పక్షి గారూ, మీరు ఎండలో నడవడం తప్పు కాదు, నడిచిన టైమ్ తప్పు. రోజులో ఒంటి వేడి బాగా తగ్గిపోయే వేళ ఒకటుంటుంది, మామూలుగా లేచే టైముకి రెండు మూడు గంటల ముందు. మీరు 7కి లేస్తారు కాబట్టి మీకది సుమారు 4:30. దీన్ని "అడుగు టైమ్" అనుకుందాం. ఆ వేళకి ముందు కంట్లో పడ్డ వెలుతురు ఒంటి గడియారాన్ని వెనక్కి లాగుతుంది, అంటే నిద్ర ఇంకా ఆలస్యంగా వస్తుంది. ఆ వేళ దాటాక పడ్డ వెలుతురు ముందుకి నెడుతుంది. తూర్పుకి వెళ్లినప్పుడు మనకి కావలసింది ముందుకి జరగడం.

ఇప్పుడు 8 గంటలు కలపండి. ఇంటి 4:30 అంటే అక్కడ మధ్యాహ్నం 12:30. మీరు పొద్దున 7కి ఎండలో నడిచారు. ఒంటి లెక్కలో అది రాత్రి 11. అర్ధరాత్రి పూట మొహం మీద ఫ్లడ్‌లైటు వేసుకున్నట్టు. ప్రతి పొద్దునా అదే చేసుంటే ప్రతి పొద్దునా గడియారాన్ని మీ చేత్తో మీరే వెనక్కి తిప్పుకున్నారు.

నిద్రలేనిపక్షి
అయిదు రోజులూ తిప్పాను. పొద్దున నడక మానలేదు మరి.

కిటికీసీటు
అన్ని పత్రికల్లోనూ "దిగగానే సూర్యరశ్మి" అనే రాస్తారు కదా?

గడియారంముల్లు
@కిటికీసీటు తూర్పుకి 4, 5 గంటల తేడా అయితే అది నిజమే. 4:30కి 4 కలిపితే 8:30. అప్పటికి హోటల్ నుంచి బయటపడేసరికి అడుగు టైమ్ దాటిపోయి ఉంటుంది. తేడా పెరిగేకొద్దీ అదే సలహా ఎదురు తిరుగుతుంది.

లెక్కలమాస్టారు
ఇంకో మెలిక ఉంది. మనిషి ఒంటి గడియారం సహజంగా 24 గంటల కన్నా కాస్త పొడుగు, సగటున సుమారు 24 గంటల 10 నిమిషాలు. అందుకే వెనక్కి జరగడం తేలిక, ముందుకి జరగడం కష్టం. మోటు లెక్కన పడమటికి రోజుకి గంటన్నర, తూర్పుకి రోజుకి గంట సర్దుకుంటుంది.

తూర్పుకి తేడా "త" గంటలనుకోండి. ముందుకి జరిగితే త రోజులు పడుతుంది. అదే చుట్టు తిరిగి వెనక్కి వెళ్తే (24 − త) ÷ 1.5 రోజులు. రెండూ సమానమయ్యేది త = 9.6 దగ్గర. అంటే తూర్పుకి 9 దాకా ముందుకే జరపండి. 10 దాటితే దాన్ని పడమటి ప్రయాణంగా లెక్కేసుకుని వెనక్కి జరపడమే లాభం. 8 గంటలకి ముందుకైతే 8 రోజులు, వెనక్కైతే దాదాపు 11. మీది ముందుకే.

కాఫీగింజ
మాస్టారూ, 9 రోజుల ట్రిప్పుకి 8 రోజులు సర్దుబాటా? అలవాటు పడ్డ మర్నాడే తిరుగు ఫ్లైటా?

లెక్కలమాస్టారు
ఏమీ చెయ్యకుండా కూర్చుంటే అంతే. అందుకే ఇంట్లోనే రెండు గంటలు జరుపుకుని వెళ్లమనేది. బయల్దేరే ముందు మూడు రాత్రులు, రాత్రికి 40 నిమిషాల చొప్పున. పడక 10:20, 9:40, 9:00. లేవడం 6:20, 5:40, 5:00. లేవగానే అరగంట నుంచి గంట గట్టి వెలుతురులో ఉండాలి. సాయంత్రం లైట్లు తగ్గించాలి. దాంతో అడుగు టైమ్ ఇంటి 2:30కి వస్తుంది, అక్కడ అది పొద్దున 10:30. చీకట్లో దాక్కోవలసిన గంటలు రెండు తగ్గాయి.

చాలామంది పొద్దున్నే లేస్తారు గానీ రాత్రి మాత్రం ఫోన్ చూస్తూ 11:30 చేస్తారు. అది జరపడం కాదు, నిద్ర కోసుకోవడం. నిద్ర బాకీతో ఫ్లైట్ ఎక్కితే జెట్‌లాగ్ రెట్టింపు అనిపిస్తుంది.

రాత్రిగువ్వ
గట్టి వెలుతురు అంటే ట్యూబ్‌లైటు సరిపోదా?

గడియారంముల్లు
చాలదు. వెలుతురుని లక్స్‌లో కొలుస్తారు. గదిలో లైటు 100 నుంచి 300 లక్స్. మబ్బు పట్టిన రోజు కూడా ఆరుబయట కొన్ని వేల లక్స్ ఉంటుంది, ఎండలో 50 వేలు దాటుతుంది. మన కంటికి తేడా అంతగా తెలియదు, కంటిపాప సర్దేసుకుంటుంది. తెల్లారకముందే లేచేవాళ్లకి 10,000 లక్స్ లైట్ బాక్సులు దొరుకుతాయి. కంపెనీ చెప్పిన దూరంలో, సాధారణంగా అడుగు, అడుగున్నర దూరంలో కూర్చోవాలి. దూరం రెట్టింపైతే వెలుతురు ఘోరంగా పడిపోతుంది.

సూట్‌కేస్‌చక్రం
మెలటోనిన్ 10 మి.గ్రా. వేసుకుంటే ఈ లక్స్ గొడవంతా ఉండదుగా?

మందులచీటీ
@సూట్‌కేస్‌చక్రం ఉంటుంది. మెలటోనిన్ నిద్రమాత్ర కాదు, "చీకటి పడింది" అని ఒంటికి చెప్పే కబురు. కబురు గట్టిగా అరిస్తే ఎక్కువ జరగదు. దీని మీద పరీక్షలన్నిటినీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష ఒకటుంది. 0.5 నుంచి 5 మి.గ్రా. దాకా గడియారం సర్దడంలో దాదాపు ఒకటే ఫలితం. 5 వేసుకున్నవాళ్లకి నిద్ర కాస్త తొందరగా పట్టింది, అంతే. 5 దాటితే అదనపు లాభం కనపడలేదు. మెల్లగా కరిగే రకం 2 మి.గ్రా. అంతగా పని చెయ్యలేదు. కాబట్టి కొనేటప్పుడు "స్లో రిలీజ్" అన్నది కాకుండా మామూలుది చూసుకోండి.

టైమ్ తప్పితే ఇదీ ఎండలాగే ఎదురు తిరుగుతుంది. తూర్పుకి వెళ్తే అక్కడి పడక టైముకి అరగంట ముందు, వరసగా నాలుగైదు రాత్రులు. పగలు పొరపాటున వేసుకుంటే రోజంతా మత్తు, పైగా గడియారం అటో ఇటో పోతుంది.

రక్తం పలచబడటానికి వార్ఫరిన్ లాంటివి వాడేవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా ముట్టుకోవద్దు. వేసుకున్నాక బండి నడపొద్దు. కొన్ని దేశాల్లో ఇది చీటీ లేకుండా అమ్మరు, కొన్ని చోట్ల సప్లిమెంటుగా దొరుకుతుంది. సప్లిమెంటు డబ్బాల్లో లేబుల్ మీద రాసిన మోతాదుకీ లోపల ఉన్నదానికీ పొంతన లేకపోవడం మామూలే. మొదటిసారి ఫ్లైట్‌లో ప్రయోగం చెయ్యకండి. ఇంట్లో ఒక రాత్రి వేసుకుని చూడండి.

రాత్రిగువ్వ
అసలు నిద్రమాత్రలే వేసుకుంటే? 13 గంటలు హాయిగా.

మందులచీటీ
ఆ హాయే ప్రమాదం. గాఢంగా మత్తులో ఉన్నవాడు మెడ వంచిన భంగిమలోనే ఆరేడు గంటలు కదలకుండా ఉండిపోతాడు. కాలి సిరల్లో రక్తం గడ్డ కట్టడానికి కావలసింది సరిగ్గా అదే. మద్యం తాగి పైన మాత్ర వేస్తే ఇంకా ఘోరం. కేబిన్‌లో గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది, రక్తంలో ఆక్సిజన్ అప్పటికే కొంచెం తక్కువ. మద్యం దాన్ని ఇంకా దించుతుంది. నిద్ర తొందరగా పట్టినట్టే పట్టి రెండో సగంలో ముక్కలు ముక్కలైపోతుంది.

నడవాసీటు
ఈ రక్తం గడ్డ భయం కాస్త అతి కాదా? అందరూ కాళ్లని బిగించి పట్టే సాక్సులు అమ్ముకోవడానికే అనిపిస్తుంది.

మందులచీటీ
సగం నిజం. 4 గంటలు దాటిన ప్రయాణాల్లో ముప్పు రెండు మూడు రెట్లు పెరుగుతుంది గానీ, అసలు ముప్పే చిన్నది. ఆరోగ్యవంతుల్లో అలాంటి ఫ్లైట్లు సుమారు 6,000కి ఒకటి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రాజెక్టు 2007లో తేల్చింది. మామూలు మనిషికి లేచి నడవడం, పాదాలు ఆడించడం చాలు. ఇంతకుముందు గడ్డ కట్టినవాళ్లు, ఈమధ్యే పెద్ద ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, వీళ్లకే సాక్సుల మాట. ప్రయాణం కోసమని ఆస్పిరిన్ సొంతంగా మింగొద్దు.

కొంటే మోకాలి కింద దాకా ఉండేవి, చీలమండ దగ్గర 15 నుంచి 30 మి.మీ. మెర్క్యురీ ఒత్తిడి ఉన్నవి. పొద్దున లేవగానే, కాళ్లు వాయకముందు టేపుతో చీలమండ చుట్టుకొలత, పిక్క చుట్టుకొలత కొలిచి సైజు తీసుకోవాలి. బూట్ల సైజు చూసి కొంటే తప్పు. తొడిగేటప్పుడు మడమ దాకా లోపలివైపు తిప్పి, పాదం దూర్చి, తర్వాత కొద్దికొద్దిగా పైకి లాగాలి. పై అంచు పొడుగైందని మడిచారా, ఆ మడత రబ్బరు బ్యాండులా బిగుసుకుని రక్తాన్ని అక్కడే ఆపుతుంది. ఏ పని కోసం వేసుకున్నారో దానికి వ్యతిరేకం.

కిటికీసీటు
నా పేరుకి ద్రోహం చేస్తున్నా గానీ, కాళ్ల సంగతి ఆలోచించేవాళ్లు కిటికీ పక్కన కూర్చోకండి. ఇద్దర్ని లేపాలని మొహమాటపడి పది గంటలు అలాగే ఉండిపోతారు. నిద్రే ముఖ్యమైతే కిటికీ, తల ఆనించడానికి గోడ ఉంటుంది. కుదుపులకి కడుపు తిప్పేవాళ్లకి రెక్కల దగ్గర వరసలు నయం. వెనక్కి పోయేకొద్దీ ఊపు ఎక్కువ. ఆఖరి వరస చాలా విమానాల్లో వెనక్కి వాలదు, బాత్‌రూమ్ పక్కనే కూడా.

నడవాసీటు
మెడ దిండు ముందువైపు తిప్పి పెట్టుకోండి, గడ్డం కింద. వెనక పెడితే తల ఇంకా ముందుకి తోస్తుంది. సీటు బెల్టు దుప్పటి పైన పెట్టుకోండి, లేకపోతే కుదుపులు వచ్చినప్పుడల్లా బెల్టు చూపించమని లేపుతారు.

నిద్రలేనిపక్షి
దుప్పటి మీద బెల్టు! ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు. సరే, ఫ్లైట్‌లో ఏ గంటల్లో పడుకోవాలి?

గడియారంముల్లు
మీ ఫ్లైట్ ఎక్కేది ఇంటి టైమ్ 9:30 పొద్దున, దిగేది ఇంటి టైమ్ రాత్రి 10:30. అంటే ఒంటికి ఇది మొత్తం పగటి ప్రయాణం. ఇందులో ఒళ్లు నిద్రకి కాస్త లొంగేది మధ్యాహ్నం కునుకు వేళలోనే. మొదటి భోజనం అయ్యేసరికి 11:30 అవుతుంది. అక్కడితో ఆపి 12:30 కల్లా కంటికి గంతలు, చెవిలో స్పాంజి బిళ్లలు పెట్టేసుకోండి. "ఇంకో సినిమా చూసి పడుకుందాం" అనుకుంటే ఆ కునుకు వేళ దాటిపోతుంది. మామూలు పడక వేళకి ముందు రెండు మూడు గంటలు మెదడు నిద్రని గట్టిగా కాదంటుంది. సాయంత్రం 6 నుంచి 8:30 మధ్య ఎంత దొర్లినా రాదు. అప్పుడు రాలేదని కంగారుపడొద్దు, లేచి నడవండి.

దిగే ముందు రెండు గంటలు అసలు జాగ్రత్త అక్కడ. టిఫిన్ ఇవ్వడానికి లైట్లన్నీ వేస్తారు, కిటికీల్లోంచి సూర్యోదయం. మీ ఒంటికి అది రాత్రి 8:30, 9. నల్లద్దాలు పెట్టుకోండి, నవ్వేవాళ్లు నవ్వనీ. దిగాక టాక్సీలోనూ తియ్యొద్దు.

సూట్‌కేస్‌చక్రం
పొద్దున 7కి నల్లద్దాలతో ఇమ్మిగ్రేషన్ క్యూలో సినిమా హీరో ఎంట్రీ.

గడియారంముల్లు
ఆఫీసరు తియ్యమంటే తియ్యండి మరి. అర నిమిషానికి గడియారం పాడైపోదు.

గదికి వెళ్లాక, అక్కడ 8 నుంచి 10:30 దాకా కర్టెన్లు వేసి పడుకోండి. ఒంటికి అది అర్ధరాత్రి, నిద్ర వెంటనే పడుతుంది. చెడ్డ వెలుతురు తప్పించుకోవడం, నిద్ర బాకీ తీరడం రెండూ ఒకే దెబ్బకి. 10:30కి అలారం రెండు పెట్టండి, ఒకటి చెయ్యి అందనంత దూరంలో. 11 నుంచి మధ్యాహ్నం 3 దాకా వీలైనంత ఆరుబయట, కళ్లద్దాలు లేకుండా.

కాఫీగింజ
దిగిన రోజు పగలు పడుకోవద్దని అందరూ మొత్తుకుంటుంటే మీరు దుప్పటి కప్పుతున్నారు!

లెక్కలమాస్టారు
కాఫీగింజ భయంలో న్యాయం ఉంది. రెండున్నర గంటలు దాటి ఐదు గంటలు పడుకుంటే రాత్రి గోవిందా. అలారం మీద నమ్మకం లేనివాళ్లు పడుకోవద్దు, గదిలో చీకట్లో కూర్చుంటే చాలు. మధ్యాహ్నం 3 తర్వాత కునుకు అసలొద్దు, మరీ తప్పకపోతే 20 నిమిషాలు. ఎంత పడుకున్నా మొదటి రోజు మీటింగులో బుర్ర సగమే పని చేస్తుందనుకుని వెళ్లండి. సంతకాలు రెండో రోజుకి పెట్టుకోవడం మేలు.

తర్వాత రోజులు సులువు. రెండో రోజు 9:30 దాకా వెలుతురుకి దూరం, మూడో రోజు 8:30, నాలుగో రోజు 7:30. అయిదో రోజు నుంచి లేవగానే ఎండలోకి పోవచ్చు. మీ పొద్దున నడక అప్పుడు మొదలెట్టండి.

రాత్రిగువ్వ
కాఫీ మాత్రం వదలమనకండి.

మందులచీటీ
వదలక్కర్లేదు. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు 5 గంటలు పడుతుంది. రాత్రి 10కి పడక అయితే మధ్యాహ్నం 2 ఆఖరు కప్పు. ఒకేసారి పెద్ద గ్లాసు కన్నా చిన్న కప్పులు రెండు గంటలకోటి తాగితే నిలకడగా ఉంటుంది.

చంటిపిల్లతల్లి
జలుబుతో ఎక్కేవాళ్లకి ఒక మాట. దిగేటప్పుడు చెవి పోటు ప్రాణం తీస్తుంది. విమానం కిందికి దిగడం మొదలెట్టడానికి అరగంట ముందు ముక్కులో ఆక్సీమెటజొలిన్ లాంటి డ్రాప్స్ వేసుకోండి. డ్రాప్స్ మూడు నాలుగు రోజులకి మించి వద్దు, మానగానే ముక్కు మరింత బిగుస్తుంది. ముక్కు మూసి నెమ్మదిగా గాలి ఊదడం దిగడం మొదలైన దగ్గర్నుంచి చెయ్యాలి, పోటు వచ్చాక కాదు. గట్టిగా ఊదితే చెవికే దెబ్బ. చంటిపిల్లలకి దిగేటప్పుడు పాలు పట్టండి, మింగుతుంటే చెవి తెరుచుకుంటుంది. నిద్రపోతుందని జలుబు సిరప్ పోసేవాళ్లున్నారు. కొంతమంది పిల్లలకి దాంతో మత్తు రాకపోగా పూనకం వస్తుంది.

నడవాసీటు
లెన్సులు పెట్టుకునేవాళ్లు తీసేసి కళ్లజోడు వాడండి. కేబిన్‌లో తేమ 10, 20 శాతమే ఉంటుంది. నా నీళ్ల సలహాకి ఇదీ కారణం, ఎగతాళి కాదు. దాహానికి తగ్గట్టు తాగితే చాలు, లీటర్లు లెక్కపెట్టక్కర్లేదు. పప్పులు, సోడాలు ముందు రోజు నుంచి తగ్గించండి. పైన ఒత్తిడి తగ్గేసరికి కడుపులో గాలి సుమారు మూడో వంతు దాకా ఉబ్బుతుంది, పక్కసీటు వాళ్లు కూడా మనుషులే.

సూట్‌కేస్‌చక్రం
మందులన్నీ చేతి సంచీలోనే. ఇన్సులిన్ అయితే మరీ, కింద లగేజీలో గడ్డ కట్టే ప్రమాదం ఉంది. పవర్ బ్యాంకు కూడా చేతి సంచీలోనే ఉండాలి, లగేజీలో వేస్తే బయటికి తీయిస్తారు. 100 వాట్-అవర్ దాకా మామూలుగా ఒప్పుకుంటారు. 20,000 ఎంఏహెచ్ ఉంటే, అంటే 20 ఆంపియర్-అవర్, దాన్ని బ్యాటరీ 3.7 వోల్టులతో గుణిస్తే 74 వాట్-అవర్, ఫర్వాలేదు. ఇప్పుడు కొన్ని ఎయిర్‌లైన్లు గాల్లో దాన్ని వాడనివ్వవు, ముందే చూసుకోండి.

మందులచీటీ
ఇన్సులిన్ మాట వచ్చింది కాబట్టి: తూర్పుకి వెళ్తే ఆ రోజు పొట్టిది, పడమటికి పొడుగు. మోతాదు ఎంత మార్చాలో బయల్దేరకముందే డాక్టర్‌తో రాయించుకోండి. గాల్లో లెక్కలు కట్టొద్దు.

కిటికీసీటు
తిరుగు ప్రయాణం ఎవరూ చెప్పలేదు.

గడియారంముల్లు
అది పడమటికి, తేలిక. అడుగు టైమ్ అక్కడి 4:30 అంటే ఇంట్లో రాత్రి 8:30. కాబట్టి మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా బాగా వెలుతురులో ఉండండి, 10 దాకా ఆగి పడుకోండి. తెల్లవారుజాము 3కి మెలకువ వస్తుంది, రావడం ఖాయం. లేచి లైటు వెయ్యొద్దు, ఫోన్ తియ్యొద్దు, ఆకలేసినా చీకట్లోనే ఉండండి. అప్పుడు వంటింట్లో లైటు వేసి తింటే ఒళ్లు దాన్నే పొద్దునగా ఖాయం చేసుకుంటుంది.

మూడు రోజుల లోపు ట్రిప్పులకి ఇవేవీ వద్దు. ఇంటి టైములోనే ఉండిపోండి, ఇంటి రాత్రిలో కనీసం 4 గంటలు నిద్ర కలిసొచ్చేలా చూసుకుని, మీటింగులు ఆ ప్రకారం అడగండి.

నిద్రలేనిపక్షి
కాగితం మీద రాసుకున్నా: ముందు మూడు రాత్రులు 40 నిమిషాల చొప్పున, ఫ్లైట్‌లో 12:30కి గంతలు, నల్లద్దాలు, 10:30కి అలారం రెండు, 11 నుంచి ఎండ, రాత్రి 9:30కి మెలటోనిన్ 3 మి.గ్రా. విమానాశ్రయం నుంచి కారు నేనే నడుపుకుంటా.

మందులచీటీ
ఆఖరిది కొట్టెయ్యండి. ఒంటికి రాత్రి 11, కళ్లకి నల్లద్దాలు, కొత్త రోడ్డు. టాక్సీ.

లెక్కలమాస్టారు
8 గంటల తేడా అన్నది ప్రయాణం రోజుకి చూసుకున్నారా? వేసవి టైముకి గడియారాలు మార్చే దేశాలు ఉంటాయి. రెండు చోట్లా ఒకే రోజు మార్చరు, ఒక చోట మార్చనే మార్చరు.

నిద్రలేనిపక్షి
చూశా. బయల్దేరే ముందు ఆదివారమే ఇక్కడ గంట ముందుకి జరుపుతున్నారు. తేడా 7 గంటలే.

లెక్కలమాస్టారు
అయితే ఆదివారం వచ్చేసరికి పాత 11 కొత్త 12 అవుతుంది. మూడు రాత్రుల పట్టీ మళ్లీ రాయండి.

నడవాసీటు
కొత్త కాగితం తీసుకోండి. నీళ్లు కూడా తాగండి.